కళ్లంలో మాట్లాడిన మిషన్

పల్నాడు జిల్లా కొత్తగా ఏర్పడిన మరుసటి ఏడాది, నరసరావుపేటలోని ఒక ఇంక్యుబేటర్‌లో ప్రోగ్రాం మేనేజరుగా చేరాను. అంతకుముందు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పేదాన్ని. మాది లాభాపేక్ష లేని సంస్థ. కొత్త ఆలోచనతో టెక్నాలజీ వ్యాపారం మొదలుపెట్టే వాళ్లకు ఒక బల్ల, ల్యాబు, సలహా చెప్పే మనుషులను ఇచ్చి, వాళ్లు నిలదొక్కుకునేదాకా నీడ పట్టున ఉంచడం మా పని. మొదట్లో కోళ్లఫారాల వాళ్లు వచ్చి గుడ్లు పొదిగే మిషన్ ఎక్కడని అడిగేవారు. వాళ్లకు టీ ఇచ్చి పంపడం కూడా నా విధుల్లో భాగమైపోయింది.

మాకు పైన ఒక సీఈఓ, ఆయనకు పైన ఎంపిక కమిటీ ఉండేవారు. కమిటీ ఎంపిక చేసినవాళ్లకు సీటు ఒక ఏడాదికి. గడువు పెంచాలంటే డబ్బిచ్చి కొనే కస్టమరు కనీసం ఒకరైనా ఉండాలి. మెచ్చుకున్నవాళ్లు లెక్కలోకి రారు. నిబంధన కఠినమైనదే, కానీ దాన్ని తప్పుపట్టను. అది లేకపోతే జీవితాంతం ప్రాజెక్టులు చేస్తూ కూర్చునే రకాలను నేను పాలిటెక్నిక్‌లోనే చూశాను.

మొదటి బ్యాచ్‌లో కారంపూడి నుంచి శిరీష వచ్చింది. వాళ్ల నాన్న కౌలుకు మిర్చి వేసేవాడు. ఆమె మిర్చిలో తేమ కొలిచే పరికరం తయారుచేస్తోంది. కాయల్లోకి గుచ్చే పుల్ల, అరచేతిలో పట్టే పెట్టె, అంతే. మిర్చి ఎక్కువ ఆరితే విరిగిపోతుంది, అందుకని టిక్కీలకు, అంటే బస్తాలకు, ఎత్తే ముందు రైతులు నీళ్లు చిలకరిస్తారు. ఆ నీళ్లు కాస్త ఎక్కువైతే వ్యాపారి ధర కోస్తాడు. అంకెలు చదవలేని వాళ్లకు కూడా తెలియాలని శిరీష ఆ పెట్టెతో తెలుగులో మాట్లాడించింది. గొంతు తనదే. "తేమ ఎక్కువగా ఉంది, ఇంకా ఆరబెట్టండి" అని అది మొదటిసారి పలికిన రోజు ల్యాబులో అందరం చప్పట్లు కొట్టాం. ఆ మధ్యాహ్నాలు తలుచుకుంటే నాకు ఇప్పటికీ బెంగగా ఉంటుంది. సోల్డరింగ్ వాసన, పక్క బల్లల వాళ్ల వాదనలు, ఎవరో తెచ్చిన పునుగులు. ఇంట్లో ఇప్పుడు అన్నీ ఉన్నాయి, అంత గోల లేదు.

సీటు గడువు ముగిసే ముందు మిర్చి సీజను వచ్చింది. పైలట్, అంటే నిజమైన చోట చేసే పరీక్ష, కారంపూడిలో వాళ్ల వీధి రైతు కోటయ్య మిర్చి ఆరబోసిన కళ్లంలో పెట్టుకున్నాం. శిరీష ఆయనను బాబాయ్ అంటుంది. నేనూ వెళ్లాను. అదే సమయానికి నరసరావుపేట నుంచి వ్యాపారి ఒకాయన కాయ చూడటానికి వచ్చారు. పాత పద్ధతి మనిషి. ధర పైకి చెప్పరు. భుజం మీది తువాలు తీసి రైతు చేతి మీద కప్పి, దాని కింద వేళ్లు పట్టుకుని బేరం చేస్తారు. చుట్టూ ఎందరున్నా ఆ ధర ఆ ఇద్దరికే తెలుస్తుంది. సరుకు బాగున్నా బాగోకపోయినా రైతు పరువు ఆ గుడ్డ కిందే ఉంటుంది.

ఆయన తువాలు తీస్తుండగా శిరీష రాశిలో పుల్ల గుచ్చింది. పెట్టె గట్టిగా, స్పష్టంగా, మేం చప్పట్లు కొట్టిన ఆ మాటే పలికింది. పక్క కళ్లాల వాళ్లు కూడా తలెత్తి చూశారు. వ్యాపారి తువాలు మళ్లీ భుజాన వేసుకుని, ధర పైకే చెప్పారు. అది అందరూ అనుకున్న ధరకన్నా తక్కువ. ఆ కళ్లంలో ధర పైకి వినబడటమే అవమానమని నాకు కోటయ్య ముఖం చూశాక తెలిసింది.

కోటయ్య కేకలేమీ వేయలేదు. "ఈ ముక్క నిన్న నా ఒక్కడికే చెప్పుంటే ఆరబెట్టుకునేవాణ్ణి గదమ్మా. ఊరందరికీ చెప్పటం ఏంది?" అన్నాడు. శిరీష పుల్ల బయటికి లాగి పెట్టె ఆపేసింది.

వారం తిరక్కుండా ఆ వ్యాపారి మా ఆఫీసుకు వచ్చారు. చానా మంచి మిషనని మెచ్చుకుని, తన గుమస్తాలకు తలా ఒకటి కావాలని, అడ్వాన్సు కూడా ఇస్తానని అన్నారు. మనిషి మర్యాదస్తుడు, అడిగినదాంట్లో మోసమూ లేదు. నాకు ప్రాణం లేచివచ్చింది. కస్టమరు దొరికాడు, సీటు నిలుస్తుంది, శిరీష ఇక్కడే ఉంటుంది. నా సంతోషంలో ఆ మూడోది అన్నిటికన్నా పెద్దదని ఒప్పుకుంటాను.

శిరీష ఒక రోజు ఆలోచించుకుని నా బల్ల దగ్గరకు వచ్చింది. "ఆ గొంతు నాది మేడం. అది ఆయన గుమస్తా చేతిలో ఊళ్లు తిరిగితే, నేను మా వీధిలో తిరగలేను" అంది. గొంతు తీసేసి ఇద్దామన్నాను. గొంతు తీసినా, ఆ పెట్టె బేరమప్పుడు ఎవరి చేతిలో ఉంటే వాళ్ల పక్షమే అవుతుందని చెప్పింది. ఆర్డరు లేకపోతే సీటు ఉండదని గుర్తు చేశాను. తెలుసంది.

కమిటీ ముందు ఆమె దాచింది ఏమీ లేదు. కొనేవాళ్లున్నారా అని అడిగితే, ఉన్నారని, తానే వద్దన్నానని చెప్పింది. వాళ్లు గౌరవంగానే విన్నారు, గడువు మాత్రం పెంచలేదు. బల్ల, గుర్తింపు కార్డు అప్పగించుకునే పని మేనేజరుది. ఆ కార్డు తీసుకున్నప్పుడు ఉండిపోమ్మా అనాలని నోటిదాకా వచ్చింది. అనడానికి నా దగ్గర కారణం లేదు, కోరిక మాత్రమే ఉంది.

మరుసటి సీజనుకు శిరీష ఊళ్లోనే ఉండి, మాట్లాడని పెట్టెను కళ్లాలకు తీసుకెళ్లడం మొదలుపెట్టింది. వ్యాపారి రాబోయే ముందు రోజు రైతులు కబురు చేస్తారు. వెళ్లి కొలిచి, ఫలితం రైతుకు మాత్రం చూపించి, తనకు రావలసింది తీసుకుని వస్తుంది. మొదట పిలిచినవాడు కోటయ్యేనట. ఈ లోపల నేను రిటైరయ్యాను. అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. "ఏంది మేడం, ఒకసారి కళ్లానికి రండి, మీరు చూడాలి" అంటుంది. వస్తానంటాను. వెళితే తిరిగి రావడం కష్టమని వాయిదా వేస్తున్నాను.

పరికరం ఏం కొలుస్తుందో అడిగే ముందు, ఆ ఫలితం ముందుగా ఎవరికి తెలుస్తుందో అడగాలి. ఇంక్యుబేటర్‌లో దరఖాస్తు పెట్టుకునే ప్రతివారినీ అడగవలసిన మొదటి ప్రశ్న ఇది. నాకు ఇది తెలిసేసరికి అడగడానికి ఎదుట ఎవరూ లేరు. ఆ ప్రశ్న అడిగే పని నాకు ఇంకా కావాలనే ఉంది.