మీసాల అల్లుడా, గయ్యాళి అత్తగారా

బర్మింగ్‌హామ్‌లో మా మనవరాలు చదివే యూనివర్సిటీ వాళ్ళు పాత మూకీ సినిమాలు బాగుచేసి ప్రదర్శిస్తున్నారని, అందులో మన దేశంలో తీసిన హాస్యచిత్రం ఒకటి ఉందని, ఆ పిల్ల ఫోన్ తెచ్చి చూపించిన రోజు నుంచి నాకు మనసు మనసులో లేదు. అందులో వేషాలు వేసినవాళ్ళ పేర్లు ఎవరికీ తెలియవట, తెలిసినవాళ్ళు శుక్రవారంలోగా చెబితే బొమ్మ కింద రాస్తారట. మా తాతయ్య, అంటే అమ్మ వాళ్ళ నాన్న, మూకీల్లో హాస్యగాడని నేనెప్పుడో కోసిన గొప్పలు ఆ పిల్ల గుర్తుంచుకుంది.

కథ చూస్తే అమ్మ చెప్పినదే. కొత్తల్లుడు, గయ్యాళి అత్తగారు, తాడు తెంచుకున్న గేదె. ఆ మీసాల అల్లుడే తాతయ్య అని అమ్మ చెప్పేది. పదిసార్లు చూశాను, ఆ ముక్కు ఆయనది కాదు, ఆ చెవులూ కావు. అయినా నేనెరిగిన తాతయ్యకూ హాస్యానికీ ఎక్కడి పొత్తు? ఆయన వీధరుగు మీద గొంతు సవరించుకుంటే చాలు, లోపల పిల్లలం పుస్తకాలు తెరిచేవాళ్ళం. సినిమా మొహం చూడగా నేనెరగను.

పదకొండోసారి చూస్తుంటే, గేదె తరిమితే కుడితి తొట్టిలో పడ్డ అత్తగారు పైకి లేచి, మొహమైనా తుడుచుకోకుండా కుచ్చిళ్ళు మళ్ళీ పోసుకుని, దోపుకుని, అరచేతి వెనకవైపుతో రెండుసార్లు తట్టింది. నా చెయ్యి దానంతటదే నా నడుము మీదకు పోయింది. నేను మొదటిసారి చీర కట్టుకోవాల్సిన రోజున అమ్మ జ్వరంతో పడుకుంటే, తాతయ్యే తన ఉత్తరీయంతో కుచ్చిళ్ళు పోసి చూపించి, చివర అలాగే తట్టాడు. మగవాడికి అదెలా వచ్చిందని అప్పుడు తోచలేదు. ఇక్కడ ఇంగ్లండులో సర్జరీ అనే డాక్టరు క్లినిక్కులో రిసెప్షన్‌లో పనిచేసినన్నాళ్ళూ నేనలా తట్టుకుంటుంటే తోటివాళ్ళు ఆటపట్టించేవారు.

ఆ అత్తగారే తాతయ్య అంటే, “ఆర్ యూ షూర్, అమ్మమ్మా?” అంది మనవరాలు. మొహం చూసి చెప్పలేనమ్మా, చెయ్యి చూసి చెబుతున్నా అన్నాను.

ఆ మాట అన్నానే గాని నాకేమీ అర్థం కావడం లేదు. ఆ రోజుల్లో నాటకాల్లో ఆడవేషం కట్టిన మగవాళ్ళకు ఊరూరా సన్మానాలు చేసేవారు కదా, మరి ఈయన ఎందుకు దాచినట్టు? దాచింది ఆయనా, లేక తన అత్తవారింట చిన్నతనమవుతుందని ఆయనకు మీసాలు పెట్టింది మా అమ్మా? మాటల సినిమాలు వచ్చాక ఆ కంచు గొంతుకు అత్తగారి వేషం ఎవరిస్తారు? అడుగుదామంటే ఇప్పుడెవరూ మిగల్లేదు. ఆయన దాచుకున్నది పదిమందిలో పెట్టే హక్కు నాకుందా అని కూడా అనిపించింది.

చివరికి శుక్రవారం మధ్యాహ్నం అత్తగారి బొమ్మ కింద తాతయ్య పేరు రాసి పంపాను. మొన్న క్రిస్మస్‌కు కౌన్సిల్ హాల్లో వేసిన పాంటోమైమ్‌లో, అదే ఇక్కడి పండగ హాస్యనాటకంలో, మా అల్లుడు ముసలమ్మ వేషం కడితే, మేమంతా ముందు వరుసలో కూర్చుని ఫోటోలు తీసి చుట్టాలందరికీ పంపుకున్నాం. కాలం మారిందో, ఊరు మారిందో. తాతయ్య బతికుండగానే ఈ సంగతి తెలిస్తే అప్పటి నేను చప్పట్లు కొట్టి ఉండేదాన్నా, తల దించుకుని ఉండేదాన్నా అని ఎంత ఆలోచించినా తేలడం లేదు.