లామార్ టిబ్స్ అనే మనిషి లేడు

నోరీన్ హోల్డెన్‌కి కోపం ముక్కు మీద ఉంటుందని ఇంగ్లండ్‌లో, రోచ్‌డేల్‌లోని మా కాలవ గట్టు వీధి వాళ్ళందరికీ తెలుసు. ఎందుకుంటుందో మాత్రం ఎవరూ అడగలేదు. మా ఊళ్ళో ఆడదానికి కోపం వస్తే కారణం అడగరు, కాస్త టీ పెట్టమంటారు. ఆవిడా అలాగే అరవై ఆరేళ్ళ వయసు దాకా టీ పెడుతూనే వచ్చింది.

పదిహేనేళ్ళకే నూలు మిల్లులో చేరింది. పంతొమ్మిదో ఏట, చర్చి పక్క హాల్లో డెస్మండ్ పాడుతుంటే విని, ఆ రాత్రే ఇంటికెళ్ళి వాళ్ళమ్మతో ఇతన్ని చేసుకుంటానని చెప్పేసింది. డెస్ అప్పట్లో మిల్‌గేట్స్ అనే బ్యాండ్‌లో పాడేవాడు. నలుగురు కుర్రాళ్ళు, ఒక డొక్కు వ్యాను. చర్చి నేలమాళిగలో ఒక రికార్డు కూడా చేశారు. చప్పట్లు కొట్టడానికి మనుషులు చాలకపోతే నోరీన్‌ని కూడా మైకు ముందు నిలబెట్టారు. రెండు వందల కాపీలు అచ్చువేయించారు. వాటిలో ముప్పాతిక వంతు పెట్టెలోనే ఉండిపోయాయి.

అప్పట్లో ఊళ్ళో కుర్రకారు రెండు పక్షాలు. గిటారు బ్యాండ్ల వాళ్ళు ఒక పక్క, సోల్ పాటల వాళ్ళు ఒక పక్క. సోల్ అంటే అమెరికాలో నల్లవాళ్ళు ప్రాణం పెట్టి పాడే పాట. మా మిల్లు పిల్లలకి ఆ పాటంటే పిచ్చి. శనివారం వస్తే ఎంపరర్ హాల్లో కాళ్ళు బాగా జారాలని నేల మీద పౌడరు చల్లుకుని, వెయ్యి మంది తెల్లారేదాకా ఆడేవాళ్ళు. డెస్ పాడింది కూడా సోల్ పాటే. కానీ డెస్ పుట్టింది ఆ పాటలకి పుట్టిల్లయిన డిట్రాయిట్‌లో కాదు, గ్యాసు కంపెనీ వెనకాల. ఎంపరర్ హాల్లో ఒకసారి స్టేజీ ఎక్కితే, "దిగరా, నీకెందుకురా సోలూ" అని గోల చేసి దింపేశారు. ఆ తర్వాత ఇంకో ఏడాది చిన్న చిన్న చోట్ల పాడి, 1974లో మానేసి, రంగుల ఫ్యాక్టరీలో చేరాడు. ఆ హాలు గడప మళ్ళీ తొక్కనని ఒట్టు పెట్టుకున్నాడు. నోరీన్ కూడా తొక్కలేదు. ఇంట్లో ఉన్న రికార్డు ప్లేయరు తీసుకెళ్ళి చెత్తబండిలో పడేసింది తనే. అమ్ముడుపోని రికార్డుల పెట్టెని మాత్రం డెస్ స్నేహితుడు కీత్ పిల్లింగ్ పట్టుకుపోయాడు. "నా కళ్ళ ముందు లేకుండా తీసుకెళ్ళరా బాబూ" అన్నాడు డెస్.

కీత్ ఎంపరర్ హాల్లో రికార్డులు వేసేవాడు. హాలు కూల్చేసి సూపర్‌మార్కెట్ కట్టి ముప్పై ఏళ్ళయినా ఊళ్ళో అతని పరపతి తగ్గలేదు. ప్రతి ఆదివారం పొద్దున్న హోల్డెన్ వాళ్ళింటికి టీకి వస్తాడు. నలభై ఏళ్ళుగా వస్తూనే ఉన్నాడు. ఇంట్లో మనిషిలాగే చూశారు.

నెలకో ఆదివారం మధ్యాహ్నం కార్మికుల క్లబ్బు మేడ మీద ఈ ముసలి అభిమానులంతా చేరతారు. నోరీన్ అక్కడ వంటగది చూస్తుంది. మాంసం కూరి కాల్చిన పై రొట్టెలు, ఉడికించిన బఠాణీలు, టీ. ఆ గదిలో పాటలు మొదలయ్యాయంటే వంటగది కిటికీ తలుపు మూసేసేది. తలుపు మూసినా వాళ్ళ కొట్లాట వినపడేది. బ్రిటిష్ బ్యాండ్లలో ఏది గొప్ప, గిటారు గొప్పా, గొంతు గొప్పా, ఇదే గొడవ. డెబ్భై ఏళ్ళ మగాళ్ళు, మోకాళ్ళు అరిగిపోయినా నోళ్ళు అరగలేదు.

ఆ రోజు మాత్రం తలుపు తీసే ఉంది, గది నిండా జనం, పై రొట్టెలు అందించాలి. సూపర్‌మార్కెట్ గోడ మీద ఎంపరర్ హాలు పేరున ఇత్తడి బోర్డు పెట్టుకోవచ్చని మునిసిపాలిటీ వాళ్ళు ఒప్పుకున్నారట. హాల్లో వేసిన పాటలన్నిటిలోకీ గొప్పదేదో తేల్చి, ఆ గాయకుడి పేరు దాని మీద చెక్కిస్తారట.

"మన గిటారు బ్యాండ్ల పేరొకటి పెట్టండయ్యా, ఈ దేశం వాళ్ళం కదా మనం" అన్నాడు ట్రెవర్ నట్టల్. రిటైరైన బస్సు డ్రైవరు, గిటారు పక్షానికి పెద్ద.

"మీ గిటారోళ్ళు పాడితే పిల్లి తోక తొక్కినట్టుంటుంది" అన్నాడు కీత్.

"మీ సోల్ వాళ్ళదేముంది, ఒకటే డప్పు, ఒకటే ఏడుపు."

"ఆ ఏడుపైనా మనవాళ్ళకి రాలేదు కదా ట్రెవర్. ఈ గడ్డ మీద నిఖార్సుగా సోల్ పాడినోడు ఒక్కడున్నాడా? వాన నీళ్ళు తాగి పెరిగిన గొంతులు మనవి. ఎక్కణ్ణించొస్తుంది?"

అందరూ నవ్వారు. చేతులెత్తించి లెక్కపెట్టారు. లామార్ టిబ్స్ అనే అమెరికా గాయకుడి పాట మొదటి స్థానంలో నిలిచింది. ట్రెవర్ కూడా చెయ్యెత్తాడు. "ఈ ఒక్కటీ ఒప్పుకుంటాను. ఇలాంటి గొంతు మన దేశంలో పుట్టదు" అన్నాడు. లామార్ టిబ్స్ డిట్రాయిట్ వాడనీ, కారు ఆక్సిడెంట్లో చిన్న వయసులోనే పోయాడనీ ఒకాయన చెప్పాడు. ఆ టిబ్స్ చెల్లెలికి తాను ఉత్తరం కూడా రాశానని ఇంకొకాయన చెప్పాడు. అందరూ కాసేపు జాలిపడ్డారు.

అప్పుడు కీత్ ఆ రికార్డు వేశాడు.

బఠాణీలు వడ్డిస్తున్న నోరీన్ గరిటె కింద పెట్టి స్టవ్ కట్టేసింది. పాట కాస్త వేగంగా తిరుగుతోంది. అయినా మొగుడి గొంతు పెళ్ళానికి తెలియదా? రెండో చరణం ముందు ఊపిరి గుటకేసినట్టు తీసుకోవడం ఒక్క డెస్‌కే అలవాటు. వెనక చప్పట్లు. చప్పట్ల మధ్య టక్కు టక్కుమని చిన్న చప్పుడు. ఆవిడ తన చేతి ఉంగరం వంక చూసుకుంది. ఒళ్ళంతా మండిపోయింది.

గదిలోకి వెళ్ళి ప్లేయరు మీంచి సూది ఎత్తేసింది.

"ఏంటి తల్లీ ఇది" అన్నాడు ట్రెవర్.

"ఇది పాడింది మా డెస్."

గదంతా నవ్వు. కీత్ ఒక్కడే నవ్వలేదు.

"నవ్వండి, బాగా నవ్వండి. ఆ చప్పట్లలో టక్కుమంటోందే, అది నా ఉంగరం. చర్చి నేలమాళిగలో నేను కొట్టిన చప్పట్లు. డిట్రాయిట్ ఎక్కడుందో కూడా నాకు తెలీదు. కీత్, ఆ చీటీ పీకు."

ఇక్కడొక మాట చెప్పాలి. ఆ రోజుల్లో రికార్డులు వేసేవాళ్ళకి ఒక ఆచారం ఉండేది. మంచి పాట దొరికితే, పక్క ఊరి హాలు వాళ్ళు దాన్ని వెతికి పట్టుకోకుండా, అసలు పేరు మీద దొంగ పేరుతో చీటీ అతికించేవాళ్ళు. ఆ చీటీ ఎవడూ పీకకూడదు. దేవుడి విగ్రహం మీద చెయ్యి వేసినంత తప్పు. అది తప్పనుకున్నారు గానీ, ఆ చీటీ కింద ఒక బతికున్న మనిషి ఊపిరాడక ఉంటాడేమోనని ఒక్కడికీ తోచలేదు.

"చీటీ పీకడం పద్ధతి కాదు నోరీన్" అన్నాడు కీత్, నెమ్మదిగా.

"నీ పద్ధతి కాలవలో కలవ."

రికార్డు తీసుకుని వంటగదిలోకి నడిచింది. టీకి పెట్టిన కరెంటు కెటిల్ మరుగుతోంది. ఆవిరి మీద చీటీ పట్టి, గోటితో అంచు లేపింది. జిగురు నలభై ఏళ్ళ నాటిది, మొండిగా వచ్చింది. కింద అక్షరాలు బయటపడ్డాయి. మిల్‌గేట్స్, రోచ్‌డేల్, పాడినవారు డి. హోల్డెన్. తెచ్చి ట్రెవర్ చేతిలో పెట్టింది.

"గట్టిగా చదువు. మొదటొచ్చింది ఇదే కదా. ఆ బోర్డు మీద మా ఆయన పేరు చెక్కించండి."

ట్రెవర్ చదివాడు.  ఆ తర్వాత మొదలైంది చూడండి మా మగాళ్ళ విద్వత్తు.

"నాకు మొదట్నించీ ఆ డ్రమ్ము కాస్త పలచగా అనిపించేది" అన్నాడు, చెల్లెలికి ఉత్తరం రాసినాయన.

"గొంతులో తడి లేదు, గమనించారా? అనుకరణ. బాగానే చేశాడనుకో" అన్నాడు ఇంకొకాయన.

"మన డెస్సా? ఆ రంగుల ఫ్యాక్టరీ డెస్సా?" అన్నాడు మూడో ఆయన, ఏదో బూతు మాట విన్నట్టు.

ట్రెవర్ అయితే దేశం పేరు చెప్పి ఇందాకటి దాకా కొట్లాడినవాడే. "పాట మంచిదే తల్లీ. కాకపోతే బోర్డు అంటే పది ఊళ్ళ వాళ్ళు చూస్తారు. వీధి చివర వాడి పేరు పెడితే నవ్వరూ?" అన్నాడు. మళ్ళీ చేతులెత్తించారు. అరగంట కిందట మొదటిగా నిలిచిన పాట పదహారో స్థానంలోకి పోయింది. అదే పాట, అదే గొంతు. మారిందల్లా చీటీ ఒక్కటే. వాళ్ళకి చెవులున్నాయని ఇన్నాళ్ళూ అనుకున్నాను, కళ్ళే ఉన్నాయి.

నోరీన్ వాళ్ళని తిట్టలేదు. తిట్టడానికి కూడా అర్హత ఉండాలి అనుకుంది. ఏప్రన్ విప్పి కీత్ ముఖాన విసిరింది.

"మిగతా కాపీలేం చేశావు? నూట యాభై దాకా ఉన్నాయి ఆ పెట్టెలో."

కీత్ నేల చూపులు చూశాడు. "విరిచేశాను. ఇంకొకరి దగ్గర ఉండకూడదని."

"దేని మీద విరిచావు?"

"మోకాలి మీద."

"ఒక్కొక్కటీనా?"

"ఒక్కొక్కటీ."

"సరే పద. ఈ సంగతి మా ఆయనకి నీ నోటితోనే చెబుదువుగాని. నేను చెబితే నీకు సుఖంగా ఉంటుంది, ఆ సుఖం నీకివ్వను."

రికార్డు, క్లబ్బు ప్లేయరు, కీత్ పిల్లింగ్, మూడింటినీ పట్టుకుని వీధి దాటింది. క్లబ్బు సామాను బయటికి తీసుకెళ్ళకూడదని ఎవరో అన్నారు గానీ, ఆవిడ ముఖం చూసి ఊరుకున్నారు.

డెస్ కిటికీ పక్కన కుర్చీలో ఉన్నాడు. ముప్పై ఏళ్ళు రంగుల పొగ పీల్చిన ఊపిరితిత్తులు. మేడ మెట్లు నాలుగెక్కితే కూర్చుండిపోతాడు. నోరీన్ ఏమీ చెప్పకుండా ప్లేయరు బల్ల మీద పెట్టి సూది దించింది. డెస్ కళ్ళు మూసుకుని మొత్తం విన్నాడు.

"వేగం పెంచారు. నేనింత తొందరగా పాడలేదు" అన్నాడు.

అప్పుడు కీత్ చెప్పాడు. చీటీ సంగతి, లామార్ టిబ్స్ సంగతి, విరిచేసిన కాపీల సంగతి. పేరు బయటపెడితే ఇంగ్లీషువాడి పాటని ఎవరూ ఆడేవాళ్ళు కాదని, అందుకే దాచానని, ఒక రకంగా నీ పాటకి మేలే చేశానని. ఆ చివరి మాటకి నోరీన్ చెయ్యి లేచింది. డెస్ కళ్ళతోనే ఆపాడు.

"మొదటిసారి వేసినప్పుడు ఎవరైనా ఆడారా?" అని అడిగాడు.

"హాలంతా ఆడింది డెస్. మళ్ళీ వెయ్యమని అరిచారు. ఆ శనివారం నాలుగుసార్లు వేశాను. మూడేళ్ళు వేశాను."

"అది ఏ నెల?"

కీత్ ప్లేయరు వంక చూశాడు. "అక్టోబరు."

"డెబ్భై నాలుగు అక్టోబరు." డెస్ ఊపిరి కూడదీసుకున్నాడు. "నవంబరులో లండన్ నుంచి నాకు ఉత్తరం వచ్చింది, గుర్తుందా? ఒక బ్యాండ్ వాళ్ళకి పాడే మనిషి కావాలని. నోరీన్‌కి కూడా చూపించలేదు, ఆశ పెట్టుకుంటుందని. నీకు చూపించాను. పాటల గురించి తెలిసినవాడివని. ఇదిగో, ఈ బల్ల దగ్గరే."

నోరీన్ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నేనేమన్నానో నాకు గుర్తులేదు" అన్నాడు కీత్.

"నాకు గుర్తుంది. నీకంత గొంతు లేదురా డెస్, అక్కడికెళ్ళి పరువు పోగొట్టుకోకు, ఇంటిపట్టున ఉండు అన్నావు. అప్పటికి హాల్లో వెయ్యి మంది నా గొంతుకి ఆడుతున్నారు. నేను లండన్‌లో నోరు తెరిస్తే నీ లామార్ టిబ్స్ ఎవరో లోకానికి తెలిసిపోతుంది. అంతేనా?"

కీత్ వాన కోటు బొత్తాలు పెట్టుకోవడం మొదలుపెట్టాడు. "వచ్చే నెల క్లబ్బులో నీ పేరు మీద ఒక సభ పెడతాం డెస్. నువ్వొచ్చి ఒక్క పాట పాడితే..."

"ఒక్క పాటా? మెట్లెక్కడానికే ఊపిరి లేదురా నాకు."

నోరీన్ లేచి తలుపు బార్లా తీసి పట్టుకుంది. "వెళ్ళు. ఇంకే ఆదివారమూ ఈ ఇంటికి రాకు. వస్తే రికార్డులు విరిచినట్టు విరుస్తాను" అంది. కీత్ వానలోకి వెళ్ళిపోయాడు. తలుపేసి ఆవిడ మొగుడి వైపు తిరిగింది. తిట్టు, కేకలెయ్యి, ఏదన్నా విసిరికొట్టు, ఒక్కసారైనా కోపం తెచ్చుకో మనిషీ అంది. 

"కోపం లేదనుకున్నావా?" అన్నాడు డెస్. "నలభై ఏళ్ళ నుంచీ ఉంది. బాత్రూంలో కూనిరాగం కూడా తియ్యనివ్వలేదు నేను దాన్ని. చేతకానిదానివి, నా బతుకు పాడు చేశావని నా గొంతునే తిట్టుకుంటూ వచ్చాను. పాపం, అదేం తప్పు చేసింది?"