ఉసురు అడిగారు, ఊపిరి అడగలేదు

నా పేరు చెన్నమ్మ. డెబ్బై దాటాయి. కన్నడ నాట మహదేవపురలో రేకుల ఇల్లు. ఆ ఇంట్లో నేనూ, మా తమ్ముడి భార్యా ఉండేవాళ్లం. మొన్న సోమవారం ఆమె పోయింది. నాకు చదువు రాదు. నేను చెబుతున్నాను, పక్కింటి టీచరమ్మ రాస్తోంది.

మా మరదలు రింగురోడ్డు ఊడ్చేది. కొప్పులో కనకాంబరాలు లేనిదే చీపురు పట్టేది కాదు. "దుమ్ము ఎట్లయినా తలకెక్కుతాది వదినా, ముందు పూలెక్కనీ" అనేది. వయసు మీరి నేను చీపురు వదిలేశాక ఆమె సంపాదనే తిన్నాను. ఒక్కనాడూ నన్ను ఎత్తిపొడవలేదు. మిగతా లోకాన్నంతా ఎత్తిపొడిచేది.

ఊడ్చేవాళ్ల ఆరోగ్యం గురించి సర్కారుకు చెప్పాలని పరిశోధన చేసే అమ్మాయి ఒకతె వచ్చింది. ఆ లెక్కను బట్టే పరీక్షల వ్యాను ఎక్కడికి పంపేదీ తేలుస్తారట. మరదలికి సంగటి తీసుకుపోయి నేనూ ఆ రోడ్డు మీదే ఉన్నాను. కన్నడ పిల్ల, మంచిది. మా మీద ప్రేమకొద్దీ తెలుగులో అడగబోయింది. కన్నడంలో ఉసిరంటే ఊపిరి. తెలుగులో ఉసురంటే ఏడిపించినవాళ్లకు తగిలేది.

"మీకెవరికన్నా ఉసురు బాధ ఉండాదా అక్కా?"

మా మరదలు చీపురు నేలకేసి కొట్టింది. "మాకెందుకుంటాది తల్లీ? ఎవురి కడుపు కొట్టినామని మాకు ఉసురు తగలాల?"

మిగతా ఆడవాళ్లూ "లేదు లేదు" అన్నారు, దగ్గుతూనే. పిల్ల అందరికీ లేదని రాసుకుని పోయింది. కన్నడంలోనే అడిగుంటే చెప్పేవాళ్లం.

వ్యాను రాలేదు. ఎందుకో అడుగుదామని ఇద్దరం వ్యాను పంపే ఆఫీసుకు పోయాం.

"ఉసిరాట తొందరే లేదని మీరే చెప్పినారు కదమ్మా, రిపోర్టులో ఉండాది. వ్యాను అత్తిబెలె పక్కకి పోయింది" అన్నాడు అక్కడి ఆఫీసరు.

కన్నడంలో తొందరె అంటే ఇబ్బంది. ఆ పిల్ల అడిగింది ఊపిరి గురించని అప్పుడర్థమైంది. మా మరదలు పగలబడి నవ్వింది. ఆ నవ్వు దగ్గయింది. ఆయన కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"ఈ దగ్గు నాదా, రిపోర్టుదా అప్పా?"

"మళ్లీ సర్వే వచ్చేదాకా ఏం చేయలేమమ్మా."

సర్వే రాలేదు. ఆమె ఊపిరే ఆగింది. ఆమె రోగాన్ని ఆమె నోటితోనే లేదనిపించుకున్నారు. సర్కారును నేనడిగేది ఒకటే. మిగిలినవాళ్లు బతికుండగా మళ్లీ అడగండి. ఆయాసం వస్తాందా, ఊపిరాడతాందా అని అడగండి.

పూడ్చేటప్పుడు ఆమెతో ఊడ్చేవాళ్లు పని మధ్యలోంచి వచ్చారు. రెప్పల మీద దుమ్ము. పిడికెడు మట్టి వేయబోతూ ఒకామె దగ్గింది. తర్వాత పక్కామె. తర్వాత అందరూ. కాటికాపరి పార పట్టుకుని, దగ్గులు ఆగాక పూడుద్దామని నిలబడ్డాడు. కాసేపు చూశాడు. ఆగవని తెలిసి మట్టి తోయడం మొదలుపెట్టాడు.

చెన్నమ్మ వేలిముద్ర.
సాక్షులు, ఆమెతో ఊడ్చినవాళ్లు: నాగమ్మ, రత్నమ్మ.