వియన్నా మ్యూజియంలో రాజ్యం పాస్‌పోర్టు

రాజ్యం అబుదాబి వచ్చి పదకొండేళ్ళు. బనియాస్‌లో ఒక అరబ్బుల ఇంట్లో వంటా, ఇల్లూ, అన్నిటికీ మించి అందరూ అరబ్బీలో 'మామా', అంటే అమ్మా, అని పిలిచే ఆ ఇంటి ముసలావిడ ఆలనాపాలనా ఆమెదే. రాజోలు దగ్గర పల్లె నుంచి విమానం దిగిన రోజే ఆమె పాస్‌పోర్టు వీసా ఇచ్చిన యజమాని, అదే కఫీల్, చేతికి పోయింది. అక్కడి వరస అంతే. పాస్‌పోర్టు ముందు పోతుంది, మనిషి దాని వెనక పోతుంది. మొదట చేరిన ఇంటి యజమానురాలు ఒక పొద్దున ఆ పుస్తకాన్ని ఎవరికో అందించింది. మధ్యాహ్నానికల్లా రాజ్యం బట్టల సంచితో ఈ ఇంటి గుమ్మంలో నిలబడి ఉంది. ఒక్కరూ ఒక్క ముక్క చెప్పిన పాపాన పోలేదు. ఈ సంగతి గుర్తుంచుకుంటే వియన్నాలో ఆమె పడ్డ పాట్లకి మీరు నవ్వరు. నవ్వినా కాస్త తక్కువ నవ్వుతారు.

2023 ఆగస్టులో ఎండలకి తాళలేక ఆ కుటుంబం వియన్నా వెళ్ళింది. ముసలావిడ కోసం రాజ్యాన్నీ తీసుకెళ్ళారు. మూడో రోజు ఆ ఇంటి కోడలు మేడం, ముసలావిడ, రాజ్యం మ్యూజియాలు చూడ్డానికి బయల్దేరారు. ఒకే అచ్చులో పోసినట్టు రెండు మహాభవనాలు ఎదురెదురుగా ఉన్నాయి. మధ్యలో తోట, తోటలో ఎవరో రాణిగారి విగ్రహం. బొమ్మలున్న దాంట్లోకి వెళ్ళారు. నాలుగడుగులకే ముసలావిడ మోకాళ్ళు మొరాయించాయి. కౌంటరులో చక్రాల కుర్చీ ఇస్తారట, బదులుగా ఎవరిదో ఒకరి గుర్తింపు కాగితం వాళ్ళ దగ్గర ఉంచాలట. మేడం బ్యాగు తెరిచి, తమ పాస్‌పోర్టులు పక్కకి జరిపి, రాజ్యం పాస్‌పోర్టు తీసి ఇచ్చింది.

మాటలన్నీ ఇంగ్లీషులో నడిచాయి, రాజ్యానికి ఆ భాష రాదు. కళ్ళకి కనబడింది మాత్రం ఇది: కౌంటరు పిల్ల తన ఫోటో చూసింది, తన మొహం చూసింది, తలూపి పుస్తకాన్ని సొరుగులో పెట్టి తాళం వేసింది.

నన్ను వీళ్ళకిచ్చేశారు, అనుకుంది రాజ్యం.

"మామాని నువ్వు తిప్పు. నేను నాలుగింటికి వస్తాను, యల్లా, కదులు," అని మేడం షాపుల వైపు వెళ్ళిపోయింది. దాంతో అనుమానం కాస్తా నిజమై కూర్చుంది. పోయిన నెల ఇంట్లోకి ఇథియోపియా పిల్లని పనికి పెట్టుకున్నది ఇందుకా!

ఇక ఆమెకి బొమ్మలేం కనబడతాయి, నా మొహం! కుర్చీ తోస్తూ కిటికీలు లెక్కపెట్టింది. ఆ ఎత్తు స్తంభాలకి బూజు దులపాలంటే ఎన్ని నిచ్చెనలు కావాలి? గదికొకరు చొప్పున నల్లకోటు మనుషులు కూర్చుని ఉన్నారు. వీళ్ళూ తనలాగే పనివాళ్ళు కాబోలు. మరి కూర్చోబెట్టి జీతమిచ్చే ఇల్లు లోకంలో ఉంటుందా? ఒకావిడ దగ్గరికెళ్ళి, "యహా కామ్ కైసా హై బెహన్?" అని వచ్చీరాని హిందీలో అక్కడ పని ఎలా ఉంటుందో అడిగింది. ఆవిడ నవ్వుతూ బాత్రూం దారి చూపించింది.

చివరికి ముసలావిడ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "మామా, నన్నిక్కడే వదిలేస్తారా?"

తొమ్మిదేళ్ళుగా రాజ్యం చేత్తో తప్ప ముద్ద మింగని మనిషి ఆవిడ. "నాకేం తెలుసమ్మా, అవన్నీ మా కోడలు చూసుకుంటుంది," అంది. ఆ మాటకి రాజ్యానికి ఏడుపు ఆగలేదు.

కుర్చీతో సహా తోటలోకి వెళ్ళింది. కళ్ళు తుడుచుకుని తిరిగొస్తే తలుపు అదే, మెట్లు అవే, లోపలేమో చచ్చిన జంతువులు నిలబడి చూస్తున్నాయి. ఆ కౌంటరు లేదు, ఆ పిల్ల లేదు, తన పాస్‌పోర్టున్న సొరుగూ లేదు. ఇచ్చేసిన ఇల్లు కూడా తప్పిపోయిందా? అయోమయంలో విగ్రహం చుట్టూ రెండుసార్లు కుర్చీ తిప్పింది. ముసలావిడకి కళ్ళు తిరిగి, "ఖలాస్, ఇక ఆపు," అని కసిరింది. అప్పుడు గానీ ఎదుటి భవనం వైపు చూడాలని తోచలేదు.

నాలుగింటికి మేడం ఫోనులో మాట్లాడుకుంటూ వచ్చింది. కుర్చీ వెనక్కిచ్చారు. కౌంటరు పిల్ల సొరుగు తెరిచి, ఫోటో చూసి, పాస్‌పోర్టు తిన్నగా రాజ్యం చేతిలో పెట్టింది.

అంటే తనని ఎవరికీ ఇవ్వలేదు. రాజ్యానికి ప్రాణం లేచొచ్చింది. విమానాశ్రయం వరసల్లో తప్ప ఇన్నేళ్ళలో అది ఆమె చేతికి రావడం ఇదే మొదలు. మేడం ఇటు చూడనైనా లేదు, నడుస్తూనే ఉంది. రాజ్యం పరుగెత్తుకెళ్ళి, ఆవిడ భుజానున్న బ్యాగు తెరిచి, పాస్‌పోర్టు లోపల పెట్టి, జిప్పు లాగింది. అప్పుడు నిమ్మళంగా ఊపిరి పీల్చుకుంది.

సెలవు నాడు బనియాస్‌లో ఈ కథంతా పక్కింట్లో పనిచేసే సుధారాణికి చెప్పింది. అమలాపురం పిల్ల, నోరు ఊరుకోదు. జంతువుల దాకా పొట్ట పట్టుకుని నవ్వింది. పాస్‌పోర్టు దగ్గరికొచ్చేసరికి నవ్వు ఆపేసింది.

"ఇమ్మని ఆవిడడిగిందా అక్కా?"

"లేదే, ఫోనులో ఉందిగా."

"మరెందుకిచ్చేసేవ్?"



"నా దగ్గరుంటే పోద్దేమోనని భయమేసిందే," అంది రాజ్యం.