ఈశాన్య మూల మన్ను

మామ, అంటే మా అమ్మ తమ్ముడు, మట్టిని పసుపు రాసిన గుడ్డలో మూటకట్టి తెచ్చాడు. అప్పట్లో నేను పుదుచ్చేరిలో, తట్టాంచావడి వర్క్‌షాపుల మధ్య ఒక చిన్న మట్టి పరీక్షల ల్యాబులో పనిచేసేదాన్ని. రాళ్ళు ఏరి, జల్లెడ పట్టి, నీడన ఆరబెట్టిన మట్టి అది. రైతులు తెచ్చే సంచుల్లో బీడీ ముక్కలు, ప్లాస్టిక్ పేలికలు చూసి చూసి విసిగిపోయినదాన్ని కదా, ఆ మూట చూడగానే కడుపు నిండిపోయింది. "మావాళ్ళు ఎంత శుభ్రమో చూడండి" అని పక్క టేబుల్ ఆవిడ దగ్గర గొప్పలు కూడా పోయాను.

ఆ గొప్పలకు కారణం ఉంది. మట్టి ఎలా తియ్యాలో చెబుతూ కరపత్రం రాసింది నేనే. పొలంలో పదిచోట్ల జానెడు లోతు తవ్వండి, ఎరువు కుప్ప పోసిన చోటు వద్దు, గట్ల పక్కన వద్దు, అన్నీ కలిపి అరకిలో తెండి అని. అదీ తెలుగులో. తరాలుగా పుదుచ్చేరిలో పాతుకుపోయిన మా ఇళ్ళల్లో మాట తెలుగే గాని, చదివేది అరవం. ఆ సంగతి నాకు తెలియనిదా? తిరుపతిలో చదువుకునేటప్పుడు పట్టుబట్టి నేర్చుకున్న అక్షరాలు, నలుగురికీ చూపించుకోవాలన్న యావ. మావాళ్ళు ఆ కాగితాన్ని కళ్ళకద్దుకున్నారు. మామ దాన్ని దేవుడి పటం వెనక దాచుకున్నాడు. ఒక్కరంటే ఒక్కరూ చదవలేదు.

మామకు ఉన్నది ఒక్క ఎకరం. చుట్టూ ఇళ్ళు లేచినా దాన్ని వదల్లేదు. వరుసగా రెండు పైర్లు పసుపెక్కి చచ్చాయి. మూడోదీ పోతే పొలాన్ని ప్లాట్లకు ఇచ్చేస్తానని కూతురికి మాట ఇచ్చాడట. ఆ భయంతోనే ల్యాబుకు వచ్చాడు.

ఫలితం తీసుకోవడానికి వచ్చినరోజు, "ఏంది పాపా, బతుకుతాదా నా నేల?" అని అడిగాడు.

నేను పళ్ళికిలించాను. "బంగారం మామా! చౌడు లేదు. సత్తువ ఉంది. ఏమీ వెయ్యపన్లేదు."

మూట తీసుకున్నరోజే ఫారంలో సర్వే నంబరు, ఫోన్ నంబరు, ఏ పైరు, ఏ నీళ్ళు అన్నీ రాయించుకున్నాను. మట్టి ఎక్కడ తీశావని మాత్రం అడగలేదు. కరపత్రంలో ఉంది కదా అనుకున్నాను.

నా మాట నమ్మి మామ నేలకు ఏమీ వెయ్యలేదు. మూడో పైరూ పోయింది. నా దగ్గరికి రాలేదు, నన్ను పల్లెత్తు మాట అనలేదు. ప్లాట్లవాళ్ళకు సంతకం పెట్టేసి, నెల్లితోపులో కూతురి ఇంటికి చేరాడు.

నేను చూడబోయేసరికి మేడమీద కూర్చుని ఉన్నాడు. కరివేపాకు మొక్క చేతిలో పట్టుకుని, "నీ చేత్తో నాటు నాయనా" అని కూతురు బతిమాలుతోంది.

"నాకొద్దు. మన్ను మంచిదని పాప కాయితం ఇచ్చిండె గదా? అట్లయితే చెడింది నా చెయ్యే. నువ్వే నాటుకో."

ఆ ఫలితాల కాగితం మీద ఉన్నది నా సంతకం. ఏనాడో అడగాల్సిన మాట అప్పుడు అడిగాను. "మామా, ఆ మన్ను యాడ తీసినావు?"

"యాడనా? ఈశాన్య మూల. నాటుకు ముందు పేడ పిళ్ళారిని పెట్టి మొక్కుతామే, ఆడ. మా నాయన కాలం నించీ ఎరువు తొలి తట్ట ఆడనే పోసేది. ఆఫీసుకు ఇచ్చేది మంచిది ఇయ్యాల గదా? చెడ్డ మన్ను ఎట్ల తెస్తా?"

ఇంటికి ఎవరొచ్చినా ఉన్నదాంట్లో మంచిది తీసి పెట్టే మనిషి. ల్యాబుకూ అలాగే పెట్టాడు. వినాయకుణ్ణి పెట్టే ఆ ఒక్క మూలను చూసి నేను ఎకరం మొత్తానికీ తీర్పు చెప్పేశాను. మిగతా నేల చౌడెక్కి ఉండొచ్చు. సరైన మట్టి చూసి, చౌడు విరగడానికి జిప్సం వెయ్యమని ఉంటే మూడో పైరు దక్కేదేమో. అదంతా చెప్పాను. నీ చెయ్యి మంచిదే మామా, తప్పు నాది అని ఏడుస్తూ చెప్పాను.

"అడిగుంటే చెప్పుంటా గద పాపా" అన్నాడు మామ. ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

మళ్ళీ తనే, "ఆ మూల ఇప్పుడు రోడ్డు కిందికి పోయింది" అన్నాడు.

కూతురే మొక్క నాటింది. నీళ్ళ చెంబు అందిస్తే మామ చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.