ఫొటో ఉంటేనే మార్కులట

ఇళ్లలో ఆడవాళ్ల మీద జరిగే హింస గురించి ప్రాజెక్టు రాయడానికి, బాపట్లలో చదివే ఒక అమ్మాయి ఈ రోజు మధ్యాహ్నం తెనాలిలో మా వీధికి వచ్చింది. పక్కింటి రత్నం మా వంటింట్లో కూర్చుని, భర్త పెట్టే బాధల గురించి మొదటిసారి నోరు విప్పింది. వింటూ ఆ అమ్మాయి కూడా ఏడ్చింది. వెళ్లేముందు రత్నంతో సెల్ఫీ తీసుకుని, ప్రాజెక్టు పేరు రాసి క్లాసు గ్రూపులో పెట్టేసింది.

"అదేంటమ్మా! బయటపెట్టనన్నావుగా?" అన్నాను.

"ఆవిడ పేరు రాయలేదండి ఆంటీ. ఫొటో పెట్టకపోతే సార్ మార్కులు వెయ్యరండి."

"పేరుదేముందమ్మా, మొహం ఉందిగా!"

ఆ పిల్ల కంగారుగా ఫొటో తీసేసింది. కానీ అప్పటికే చూసినవాళ్లలో, అదే క్లాసులో చదివే రత్నం ఆడపడుచు కూతురు కూడా ఉంది.

"అక్కా, మా ఆయన ఈ సాయంత్రం రేపల్లె నుంచి వచ్చేస్తాడు. మీ ఇంట్లో ఉండనా?" అంది రత్నం.

ఉండమన్నాను. పేరూ వివరాలూ మార్చి, తను చదివి సరేనన్నాకే ఇది పెడుతున్నాను. ఫొటో అడిగిన ఆ మాస్టారు ఈ సాయంత్రం రత్నం గుమ్మంలో కాసేపు నిలబడతారేమో, మీలో ఎవరికైనా ఆయన తెలిస్తే కనుక్కుని చెప్పండి.