నడుం కొలత ఒక్కసారే

మా ఆయన దర్జీ. చేతిలో పనితనం ఉంది కానీ ఒట్టి భయస్తుడు. ఒక్కో మనిషికి నడుం కొలత ఐదుసార్లు తీసేవాడు. "ఇంతలోనే లావెక్కానా ఏంటి?" అని వచ్చినవాళ్లు నవ్వేవాళ్లు. గుండె దడదడలాడుతూ, చెమట చేతుల్లోంచి టేపు జారిపోతుంటే ఆయనకు నవ్వెక్కడిది?

చివరికి నేనే డాక్టరు దగ్గరికి లాక్కెళ్లాను. డాక్టరుగారు ఈయన ఆందోళనకు రోజుకో మాత్ర రాశారు. "గుణం కనబడడానికి కొన్ని వారాలు పడుతుంది. బాగైంది కదా అని మీ అంతట మీరు మానేయకండి" అని మరీ మరీ చెప్పారు.

రెండు నెలలకు కొలత ఒక్కసారికి దిగింది. ఆ సంబరంలో ఈ మహానుభావుడు నాకు చెప్పకుండా మాత్ర మానేశాడు. పక్క మిషను మీద కాజాలు కుట్టే నాకు ఒకరు చెప్పాలా? పదిహేను రోజులు తిరక్కుండానే టేపు ఒకే నడుం చుట్టూ నాలుగోసారి తిరిగింది. ఆ మనిషి వెళ్లేదాకా ఓపిక పట్టాను.

"మాత్ర మానేశారా?"

"బాగానే ఉంది కదా అని..."

"వేసుకున్నారు కాబట్టే బాగుంది!" అని కడిగిపారేసి, మళ్లీ డాక్టరుకు చూపించాను. అప్పట్నుంచి మాత్రలు గుండీల డబ్బాలోనే ఉంటాయి. ఆ డబ్బా తెరవకుండా మా కొట్లో పని మొదలవదు.

మొన్న ఆ డాక్టరుగారే కూతురి పెళ్లికి సూటు కుట్టించుకోవడానికి వచ్చారు. మా ఆయన ఒక్కసారి కొలిచి టేపు మెడలో వేసుకున్నాడు.

"ఇంకోసారి చూడండి. పెళ్లిలో బిగుతైతే నా పరువు పోతుంది" అన్నారు డాక్టరుగారు.

"కంగారు పడకండి సార్, పొద్దున్నే మాత్ర వేసుకున్నాను" అన్నాడు మా ఆయన.